గోడలు లేని దర్వాజ

రుక్కమ్మ స్నానం ముగిసేదాకా బాలనర్సయ్య అటు తిరిగి నిలబడే ఉండాలి. గుడిసె వెనక నాలుగు కట్టెలు పాతి, మూడు వైపులా గోనెపట్టాలు కట్టుకున్నారు. నాలుగో వైపుకు పట్టా చాలలేదు. ఆ వైపు అతనే అడ్డం. ఎవరైనా వస్తున్న అలికిడైతే దగ్గాలి. పెళ్లయిన కొత్తలో మొదలైన పని అది. దగ్గి దగ్గి అదొక అలవాటైపోయి, ఇప్పుడు ఎవరూ రాకపోయినా మధ్యమధ్య దగ్గుతుంటాడు.

"ఎవలొస్తున్రు?" అంది లోపలినుంచి రుక్కమ్మ.

"ఎవల్లేరు. నువ్ కానియ్యి."

"ఎవల్లేకుంటె ఎందుకయ్యా దగ్గుడు? పానం ఝల్లుమంటది నాకు."

తూర్పు ఇంకా తెల్లబడలేదు. బాలనర్సయ్య బీడీ తీశాడు గాని వెలిగించలేదు. వెలిగిస్తే ఇక్కడో మనిషి ఉన్నాడని తెలుస్తుంది, మనిషి ఉన్నాడంటే ఎందుకున్నాడని చూస్తారు. చెంబు నీళ్లు రాతిమీద పడే చప్పుడు వింటూ, ఎదురుగా మిద్దెలకేసి చూస్తూ నిలబడ్డాడు.

ఆ మిద్దెలు లేని రోజుల్లో ఇంత పెందరాళే లేవాల్సిన అవసరం ఉండేది కాదు. గోపన్‌పల్లి దారిలో ద్రాక్షతోట, తోట చుట్టూ రాతిగుండ్లు, గుండ్ల మధ్య సీతాఫలం పొదలు. ఎప్పుడో ఒకడు తప్ప ఎవడొస్తాడు? మేకలొచ్చేవి. మేకలకు దగ్గక్కర్లేదు. నాలుగేళ్ల కిందట పక్క పొలం ప్లాట్లయింది. ప్లాట్లలో ఇళ్లు లేచాయి, ఇళ్ల మీద మేడలు లేచాయి, వెన్నెల ఎన్‌క్లేవ్ అని గేటు మీద రాసుకున్నారు. గోనెపట్టా మనిషి కంటికి అడ్డమే గాని మేడకు అడ్డం కాదు. ఆ మేడల మీద పొద్దున్నే నడక నడిచేవాళ్లుంటారు. యోగా అంటూ చేతులు పైకెత్తి ఊగేవాళ్లుంటారు. వాళ్లు కావాలని చూస్తారని కాదు. కళ్లున్నాక పడతాయి. వాళ్లు లేచేలోగా రుక్కమ్మ స్నానం అయిపోవాలి. వాళ్లు ఒక గడియ ముందు లేవడం మొదలుపెడితే ఈమె రెండు గడియలు ముందు లేవాలి. చలికాలంలో చన్నీళ్లతో ఆ వేళప్పుడు స్నానం అంటే పగవాళ్లకు కూడా వద్దు.

రుక్కమ్మ ఏదీ అడిగే మనిషి కాదు. ముక్కుపుల్ల అడగలేదు, పట్టుచీర అడగలేదు. పుట్టిన ఇద్దరు పిల్లలూ నిలవకపోతే దేవుణ్ని కూడా ఏమీ అడగలేదు. అడిగింది ఒక్కటే. "గొళ్లెం పెట్టుకోనీకి ఒక్క తలుపుండాలె. పొద్దెక్కినంక, నిమ్మళంగ, తలుపేసుకొని తానం జెయ్యాలె. ఒక్కపారి." ఆ మాట ఎప్పుడన్నదో ఇద్దరికీ గుర్తు లేదు. "సరే" అన్నాడు బాలనర్సయ్య. అతను ఎవరేమన్నా సరే అనే అంటాడు, కానీ ఈ సరే మాత్రం లోపల కూర్చుండిపోయింది.

రుక్కమ్మ తడి చీరతో గుడిసెలోకి పోయాక అతను బీడీ వెలిగించాడు.

పొడుగు మనిషి. కానీ ఎవరూ అతన్ని పొడుగు అనుకోరు. ద్రాక్ష పందిళ్ల కింద వంగి నడిచి నడిచి మెడ ముందుకు సాగిపోయింది. ఆరుబయట కూడా నెత్తిమీద పందిరి ఉన్నట్టే నడుస్తాడు. తీగలకు మైలుతుత్తం మందు కలిపీ కొట్టీ గోళ్ల సందులు నీలంగా మిగిలిపోయాయి. కాళ్ల పగుళ్లలో మట్టి ఎంత తోమినా పోదు, అతను తోమనూ తోమడు. ఎండాకాలంలో ఒక బనీను, చలికాలంలో దాని మీద తోట ఓనరు వెంకటనారాయణగారు ఇచ్చిన పాత సఫారీ చొక్కా. ఊళ్లో ఎవరికీ అతనితో తగాదా లేదు, స్నేహమూ లేదు. బతికి ఉన్నన్నాళ్లూ ఎవరినీ చెయ్యెత్తి పిలవని మనుషులుంటారు కదా, ఆ రకం.

తోటలో ఓ చుట్టు తిరిగాడు. రోడ్డు వైపు సగం తోటకు నీళ్లు ఆపి చాలా రోజులైంది. అది బిల్డరుకు పోయింది. తీగలు పందిరి మీద ఎండిపోయి వైరు ముక్కల్లాగా వేలాడుతున్నాయి. గుడిసెలున్నది ఆ సగంలోనే. శ్రావణం వచ్చేలోగా ఖాళీ చెయ్యాలన్నారు. వెనక సగంలో మాత్రం వెంకటనారాయణగారు నర్సరీ పెట్టారు, కాస్త పాలకూర, చుక్కకూర, కొత్తిమీర వేయించారు. కొత్త మేడలవాళ్లకు పూలకుండీలూ కావాలి, ఆకుకూరలూ కావాలి. పనికి మనుషులు కావాలి కదా మరి. "మీరెక్కడికీ పోనక్కర్లేదు నర్సయ్యా. ఆ మూల తుండులో వరసగా గదులు వేయిస్తాను. రేకులే, కానీ గోడలు పక్కావి. వెనకాల ఓ నీళ్లగది" అన్నారాయన. ఆ ఆఖరి మాట ఒక్కటే బాలనర్సయ్యకు వినపడింది.

ఆ మూల తుండు రోడ్డుకు అవతల, సరిగ్గా వెన్నెల ఎన్‌క్లేవ్ గోడకు ఆనుకుని ఉంది. ఆయనదే, సాగు భూమి. ఇళ్లు కట్టాలంటే పట్నం ఆఫీసువాళ్లు ఒప్పుకోవాలి. ఒప్పుకునే ముందు చుట్టుపక్కలవాళ్లను పిలిచి, మీకేమైనా అభ్యంతరమా అని అడుగుతారు. ఆ అడగడం ఇవాళే, పంచాయతీ ఆఫీసులో.

బాలనర్సయ్య రోడ్డు దాటి తుండులోకి పోయాడు. మధ్యలో దర్వాజ నిలబడి ఉంది. గోడ లేదు, కప్పు లేదు. కింద రెండు వరసల బండరాళ్లు, వాటి మీద వేపకర్ర ద్వారబంధం ఒక్కటే, అటూ ఇటూ కట్టెలు ఊతమిచ్చి. గడపకు పసుపు, బొట్లు. పైన కట్టిన మామిడాకులు ఎండి గలగలమంటున్నాయి.

మట్టి ఇల్లు కట్టేవాళ్లకు దర్వాజే మొదలు. ముందు దర్వాజ లేస్తుంది, తర్వాత గోడలు దాని దగ్గరికి నడిచొస్తాయి. బాలనర్సయ్య తాత అట్లాగే కట్టాడు, తండ్రి అట్లాగే కట్టాడు. అయ్యగారిని అడిగితే, అధిక మాసం ఇప్పుడే పోయింది, ఈ జ్యేష్ఠం దాటితే ఆషాఢం, ఆషాఢంలో ఏ మంచిపనీ లేదు, శ్రావణం దాకా ఆగాలి అన్నాడు. శ్రావణం దాకా ఆగితే గుడిసె ఎక్కడుంటుంది? అందుకని జ్యేష్ఠం చివర్లో ఒక మంచిరోజు చూసుకుని దర్వాజ నిలబెట్టేశాడు. వడ్రంగి పనిచేసే వడ్ల ఈశ్వరయ్య పాత పంపుషెడ్డు కర్రతో చేసిచ్చాడు. పర్మిషన్ సంగతి బాలనర్సయ్యకు తట్టలేదు. తట్టినా, అది ఆఫీసువాళ్ల పని, ముహూర్తం తన పని అనుకునేవాడు.

ఆ రోజు రుక్కమ్మ కొంగు నెత్తిమీదికి లాక్కుని, కుడికాలు ముందు పెట్టి గడప దాటింది. దాటి అటువైపు నిలబడి చుట్టూ చూసింది. అటువైపూ పొలమే, ఇటువైపూ పొలమే.

"ఏమయ్యా, ఇంట్లకొచ్చిన్నా, బయటికొచ్చిన్నా?" అని నవ్వింది. పళ్లు సగం లేని నోరు, ఆ నవ్వు ఎంత బాగుందో! బాలనర్సయ్య ఆ పూటంతా లోలోపల నవ్వుకుంటూనే ఉన్నాడు.

ఇప్పుడు దర్వాజను ఒకసారి చేత్తో ఊపి చూశాడు. గట్టిగానే ఉంది. ఎండిన ఆకులు తీసేసి, గడప మీద కూర్చోకూడదు కాబట్టి పక్కన గొంతుక్కూర్చున్నాడు.

పొద్దెక్కాక రుక్కమ్మ ఆకుకూరల గంప ఎత్తుకుని ఎన్‌క్లేవ్‌లోకి పోయింది. బాలనర్సయ్య సఫారీ చొక్కా వేసుకుని, తోటలో పనిచేసే నలుగురైదుగురితో కలిసి పంచాయతీ ఆఫీసుకు నడిచాడు.

ఆఫీసులో ముందు వరసలకు ప్లాస్టిక్ కుర్చీలు వేశారు. ఎన్‌క్లేవ్‌వాళ్లు స్కూటర్ల మీద, కొందరు మారుతి కార్లలో వచ్చి కూర్చున్నారు. తోటవాళ్లు గుమ్మం దగ్గర గోడకు ఆనుకుని నేలమీద కూర్చున్నారు. కుర్చీలు ఖాళీ ఉన్నాయి, కూర్చోవద్దని ఎవరూ అనలేదు కూడా. కరెంటు లేదు. ఆఫీసరు వచ్చేదాకా కుర్చీల్లోవాళ్లు కార్గిల్ కబుర్లు చెప్పుకున్నారు. నేలమీదవాళ్లు బోనాలకు మేకపోతు సంగతి మాట్లాడుకున్నారు.

ఎన్‌క్లేవ్ సంఘానికి అధ్యక్షుడు రామాంజనేయులు. అనంతపురం వైపునుంచి వచ్చి ఇక్కడ ఇసుక, సిమెంటు వ్యాపారంలో నిలదొక్కుకున్న మనిషి. లావుగా, తెల్లటి చొక్కాతో, ఎప్పుడూ ఎవరో ఒకరి భుజం మీద చెయ్యేసి మాట్లాడతాడు. ఆ వేళ వెంకటనారాయణగారి భుజం మీద చెయ్యేసి వరండాలో ఓ పక్కకు తీసుకుపోయాడు. గుమ్మం దగ్గర కూర్చున్న బాలనర్సయ్యకు ఆ మాటలు వినపడ్డాయి.

"సార్, రేపు మీ బిల్డరు అపార్టుమెంట్లు కడతాడు. వాటికి దారి యాడుండాది? మా కాలనీ రోడ్డే గదా. మేము అడ్డం చెప్పం. మీరు మాకు అడ్డం రావద్దు. అంతే సార్, ఇంగేం లేదు."

"ఆలోచిద్దామండి" అన్నారు వెంకటనారాయణగారు. గుంటూరు వైపునుంచి ద్రాక్ష పండిద్దామని కుర్రతనంలో వచ్చిన మనిషి. ఇప్పుడు కూకట్‌పల్లిలో ఇల్లు కట్టుకుని, ఆస్తమాతో బాధపడుతున్నారు. చెడ్డవాడు కాదు. ఎవరి మాటనూ గట్టిగా కాదనలేని మనిషి, అంతే. అట్లాంటివాళ్లు మంచి మాట ఇచ్చినప్పుడు సంతోషించకూడదు.

ఆఫీసరు వచ్చాడు. వయసులో చిన్నవాడు, కర్చీఫుతో మెడ తుడుచుకుంటూ కూర్చుని, ఒక్కొక్కరినే చెప్పమన్నాడు.

చెప్పారు. గదులు వస్తే మురుగు ఎటు పోతుందన్నారు. కోళ్లు పెంచుతారన్నారు. తాగి అరుస్తారన్నారు. సైకిళ్లు పోతాయన్నారు. ప్లాటు రేటు పడిపోతుందని ఒకాయన, ఆ మాట అనేశాక నాలుక్కరుచుకుని, పరిశుభ్రత ముఖ్యమన్నాడు. తర్వాత తేజస్విని లేచింది. సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, సైబర్ టవర్స్‌లో పని. ఆఫీసుకు టైమవుతోందని రెండుసార్లు వాచీ చూసుకుంది.

"సర్, మాకు వాళ్ల మీద కోపం ఏమీ లేదు. యాక్చువల్లీ రుక్కమ్మగారు రోజూ మా ఇంటికి ఆకుకూర తెస్తారు. వెరీ నైస్ లేడీ. కానీ సర్, ప్లానింగ్ అనేది ఒకటుంటుంది కదా. హౌసింగ్ వేరే లొకేషన్‌లో ఇవ్వొచ్చు. వాళ్లకు కూడా అదే కంఫర్టబుల్‌గా ఉంటుంది."

రుక్కమ్మ పేరు ఇంతమందిలో వినపడేసరికి బాలనర్సయ్య నిటారుగా కూర్చున్నాడు. మంచిదని అంటున్నారు కాబట్టి మేలే జరుగుతుందనుకున్నాడు.

చివర రామాంజనేయులు లేచి, జేబులోంచి ఫొటోలు తీసి ఆఫీసరు ముందు పరిచాడు. "సూడండి సార్. పర్మిషన్ రాలేదు, మీరు ఇంకా వినను కూడా వినలేదు. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, గోడల్లేకుండానే ద్వారబంధం ఎత్తేసినారు. ఇప్పుడే ఇట్లుంటే రేప్పొద్దున మాట వింటారా? ఇది ఆక్రమణ కాదా సార్?"

కుర్చీల్లో నవ్వులు లేచాయి. ఫొటోలు చేతులు మారాయి. ఒకటి గుమ్మం దాకా వచ్చింది. బాలనర్సయ్య దాన్ని రెండు చేతులతో పట్టుకుని చూశాడు. ఏదో మేడమీదినుంచి తీశారు. ఎర్రమట్టి నేలమీద దర్వాజ ఎంత చక్కగా నిలబడిందో! పసుపు కూడా కనిపిస్తోంది. ఇది తనకిస్తారా అని అడుగుదామనుకున్నాడు గాని పక్కవాడు లాగేసుకున్నాడు.

"మావోడూ అట్లే చేసినాడు నాయనా" అంది ముందు వరసలోనుంచి ఒక ముసలి గొంతు. రామాంజనేయులు తల్లి సుబ్బమ్మ. ఇంట్లో కరెంటు లేక ఉక్కపోస్తోందని, ఇక్కడైనా ఉంటుందేమోనని కొడుకు వెంట వచ్చి కూర్చుంది. "ప్లాను రాకముందే శంకుస్థాపన అయిపాయె. మూఢం వస్తాదని. ముహూర్తం పోతే మల్ల వస్తాదా?"

"అమ్మా, నువ్వు గమ్మునుండు" అన్నాడు రామాంజనేయులు. ఈసారి నవ్వులు ఇంకాస్త పెద్దగా లేచాయి. ఆఫీసరు కూడా నవ్వాపుకుని నేలమీదవాళ్లకేసి చూశాడు.

"ఆ డోరు పెట్టింది ఎవరు?"

బాలనర్సయ్య లేచి నిలబడ్డాడు. మెడ ముందుకు వంగే ఉంది. "నేనే సార్. జేష్ఠంల పోతే ఇగ శ్రావణం దాంక మంచిరోజు లేదన్నడు అయ్యగారు."

"పర్మిషన్ లేకుండా పెట్టకూడదని తెలీదా?"

"పర్మిషన్ ఎన్నడన్న వస్తది గద సార్."

మళ్లీ నవ్వారు. ఆఫీసరు మాత్రం ఈసారి నవ్వలేదు. పొద్దుటినుంచీ ఒక వైపు మాటలే విన్నాననిపించిందేమో, గొంతు తగ్గించి మంచిగానే అడిగాడు. "సరే పెద్దాయనా. అందరూ ఎందుకు వద్దో చెప్పారు. నువ్వు ఎందుకు కావాలో చెప్పు. లింగంపల్లి వైపు కిరాయికి గదులుంటాయి కదా, అక్కడుండి పనికి రావచ్చు కదా. ఇక్కడే ఇల్లెందుకు? చెప్పు, రాసుకుంటాను."

బాలనర్సయ్య నోరు తెరిచాడు.

చెప్పడానికి అతని దగ్గర ఒకే ఒక్క సంగతి ఉంది. కిరాయి గదులు చూసొచ్చాడు. వరసకంతా కలిపి ఒక్క బోరింగు, దాని చుట్టూ మొత్తం బస్తీ. అక్కడా ఇదే గోనెపట్టా. వెంకటనారాయణగారు కట్టిస్తానన్న గదికి వెనకాల నీళ్లగది ఉంది, దానికి తలుపుంది. కానీ ఆ మాట ఎట్లా అనడం? నా పెండ్లాం స్నానం చెయ్యడానికి చాటు లేదు సార్ అని, ఇంతమంది మగవాళ్ల మధ్య, చదువుకున్న ఆడవాళ్ల ముందు? మీ మేడలమీదినుంచి కనిపిస్తుంది సార్ అని? అంటే, ఇన్నాళ్లూ కనిపించిందనే కదా. కడుపు చించుకుంటే కాళ్లమీద పడుతుంది. రేపు రుక్కమ్మ గంప నెత్తిన పెట్టుకుని ఆ ఇళ్లలోకి ఏ మొహంతో పోతుంది? వాళ్లు ఆమెను చూసి ఏమనుకుంటారు? అతని చెవులు వేడెక్కాయి. దగ్గాడు. అలవాటు కొద్దీ రెండోసారి కూడా దగ్గాడు.

"ఉండనీకి సార్" అన్నాడు.

"అదే, ఎందుకు?"

"ఉండనీకే సార్."

ఆఫీసరు పెన్ను మూసి, వెంకటనారాయణగారి వైపు తిరిగాడు. ఆయన లేచి, పక్కనున్న రామాంజనేయులు మొహం చూడకుండా, బాలనర్సయ్య మొహం అంతకన్నా చూడకుండా చెప్పారు. "ఇరుగుపొరుగుతో తగువెందుకండి. నేనే ఆ దరఖాస్తు వెనక్కి తీసుకుంటానండి."

అంతే. అంతసేపూ లేని కరెంటు అప్పుడొచ్చి ఫాన్లు తిరిగాయి. టీలు తెచ్చారు.

బయట వేపచెట్టు కింద రామాంజనేయులు బాలనర్సయ్య భుజం మీద కూడా చెయ్యేశాడు. "పెద్దాయనా, నీ మీద నాకేం కోపం లేదప్పా. ఆ ద్వారబంధం మాత్రం సాయంత్రంలోగా తీసెయ్. మా వాచ్‌మన్‌ను తియ్యమంటే పసుపు పెట్టింది నేను ముట్టుకోనంటాడు. నేనూ ముట్టుకోలేను, ఇంట్లో ఆడోళ్లు ఊరుకోరు. పెట్టినోడివి నువ్వే తియ్యాల."

"సరే సారూ" అన్నాడు బాలనర్సయ్య.

సుబ్బమ్మ కారు ఎక్కుతూ అతన్ని చూసి ఏదో అనబోయింది. కొడుకు కారు తలుపు వేసేశాడు.

ఎండ మండుతోంది, ఆషాఢం మొదలైనా చినుకు లేదు. తోటవాళ్లలో ఒకడు సాయం వస్తానంటే వద్దన్నాడు. తుండులోకి పోయి, ముందు చెంబుతో గడప మీద నీళ్లు పోశాడు. దండం పెట్టాడు. ఊతకట్టెలు తీశాక దర్వాజ ఒక్కసారిగా అతని మీదికి వాలింది. వీపు మీద మోస్తూ రోడ్డు దాటాడు. మెడ ఎట్లాగూ వంగి ఉండేదే కాబట్టి బరువు మోస్తున్నట్టు చూసేవాళ్లకు అనిపించలేదు.

రుక్కమ్మ ఖాళీ గంపతో గుడిసె ముందు నిలబడి ఉంది. వస్తున్న మనిషినీ, మనిషి మీది దర్వాజనూ చూసింది. అడగడానికి ఏముంది?

"లోపట పెట్టు. వానకు నానుతది" అంది.

లోపల పట్టలేదు. గుడిసె చూరుకన్నా దర్వాజే ఎత్తు. చివరికి బయటే, ద్రాక్ష పందిరి రాతికంబానికి ఆనించారు. రుక్కమ్మ ఒక యూరియా బస్తా చింపి దానిమీద కప్పింది. తర్వాత ఇద్దరూ జొన్నరొట్టె తిన్నారు. అతను సగం తిని కంచం పక్కకు పెట్టాడు.

"సార్లు ఏమన్న అన్నరా నిన్ను?"

"ఏమన్లే. నిన్ను మంచిదన్నరు."

"ఎవలు?"

"ఆ చదువుకున్న పిల్ల. నువ్ ఆకుకూర ఇస్తవంట గద."

రుక్కమ్మ అతని కంచం మళ్లీ ముందుకు జరిపింది. "ఆ పిల్ల మంచిదే" అంది. తర్వాత ఆమెకు కోపం వచ్చింది. ఎవరిమీదో తెలియక మొగుడి మీదనే చూపించింది. "మరి నువ్వేమన్నవు? నోరు లేదా నీకు? అడగంది అమ్మయినా పెట్టదంటరు. ఎందుకు గావాలెనో చెప్పకపోయినవ్?"

బాలనర్సయ్య ఎడమ భుజం నొక్కుకుంటూ ఆమెకేసి చూశాడు. "నీ మాట నలుగురి ముంగట ఎట్ల తీస్తనే" అన్నాడు.

ఆ మాటకు రుక్కమ్మ కోపం ఎక్కడిదక్కడ చల్లారిపోయింది. కంచాలు తీసుకుని లేచింది. పంపు దగ్గర తోముతూ ఏడ్చిందో లేదో అతనికి తెలీదు, అతను చూడలేదు. వీపు మాత్రం కదిలింది.

మధ్యాహ్నం మూడు ఫేజుల కరెంటు వచ్చింది. బాలనర్సయ్య మోటారు వేసి, పార భుజాన పెట్టుకుని పాలకూర మళ్లలోకి పోయాడు. నీళ్లు కట్టడమంటే పెద్ద పనేమీ కాదు. ఒక మడి నిండగానే దాని నోరు మట్టితో మూసి, పక్క మడి నోరు తెరవాలి. మళ్లీ నిండాక మళ్లీ మూయాలి. ముప్ఫై ఏళ్ల పైగా అతను చేసిందల్లా ఇదే. నీళ్లను అటు పోనియ్యడం, ఇటు పోనియ్యడం. మొదటి మడి నిండింది. మూశాడు. రెండోది తెరిచాడు. అక్కడ రాతికంబానికి ఆనుకుని గట్టుమీద కూర్చున్నాడు. భుజం నొప్పి చేతిలోకి దిగింది. కాస్త ఆగి లేద్దామనుకున్నాడు.

రెండో మడి నిండింది. నోరు మూసేవాళ్లు లేరు. నీళ్లు గట్టు తెంచుకుని కొత్తిమీరలోకి, అక్కడినుంచి కాలవలోకి, కాలవ పొంగి రోడ్డు మీదికి వచ్చాయి. ఎన్‌క్లేవ్ గేటు ముందు బురద చేరింది. ఎవరో స్కూటరు మీదినుంచి జారి, లేచి, సంఘం అధ్యక్షుడికి చెప్పారు.

రామాంజనేయులు లుంగీ ఎత్తి కట్టుకుని వచ్చాడు. రోడ్డుమీదినుంచే అరిచాడు. "ఎవరప్పా అది? నీళ్లు ఇడిసిపెట్టి యాడికి పోయినారు? పొద్దున్నే చెప్తిమి గదా, ఇట్లే ఉంటాదని!" కంబానికి ఆనుకుని కూర్చున్న మనిషి భుజం కనిపించింది గాని, అది కదల్లేదు. ఇంకా మండి, బురదలో చెప్పులు ఇరుక్కుపోతే వాటిని వదిలేసి మరీ దగ్గరికొచ్చాడు. "పెద్దాయనా, నిన్నే!" అని భుజం మీద చెయ్యేశాడు.

ఆ చెయ్యి మళ్లీ తీయడానికి రామాంజనేయులుకు కాస్త సమయం పట్టింది.

మోటారు తనే ఆపాడు. గుడిసెలవైపు తనే పరిగెత్తాడు. రుక్కమ్మ రాగానే ఏదో చెప్పబోయి పక్కకు జరిగాడు. ఆమె వచ్చి మొగుడి ముందు కూర్చుని, అతని మోకాళ్ల మీది బురద కొంగుతో తుడవడం మొదలుపెట్టింది. "లే అయ్యా. నీళ్లు పోతున్నయ్ జూడు, లే" అంది. చాలాసేపు అట్లాగే అంది.

మర్నాడు దహనం అయింది. వెంకటనారాయణగారు వచ్చి ఖర్చులు పెట్టుకున్నారు. పదోరోజున ఎండ నడినెత్తిన ఉండగా రుక్కమ్మకు స్నానం చేయించారు. ఆరుబయట పీట వేసి, తోటలో ఆడవాళ్లు చుట్టూ చీరలు పట్టుకుని నిలబడ్డారు. సుబ్బమ్మ కూడా కొడుకు వద్దంటున్నా వచ్చి ఒక కొంగు పట్టుకుంది. పట్టుకుని తలెత్తి మేడలకేసి చూసింది. చీర అంత ఎత్తు అందదు. "ఏందే ఆ చూడ్డం, లోపలికి పోండే!" అని ముసలామె ఒక్క కేక పెట్టింది. మేడలమీద ఇద్దరు ముగ్గురు తప్పుకున్నారు. తేజస్విని తన కిటికీ తెర లాగేసుకుంది.

రుక్కమ్మ తల వంచుకుని నీళ్లు పోయించుకుంది. ఎవరూ దగ్గలేదు.

శంకర్‌పల్లి దగ్గరున్న ఆమె తమ్ముడు వచ్చి తీసుకుపోయాడు. గిన్నెలూ బట్టలూ ఒక మూటయ్యాయి. దర్వాజ బస్సులో పట్టదు కాబట్టి ఈశ్వరయ్యకే వదిలేశారు. ఆ మరుసటి వారం బిల్డరు మనుషులు గుడిసెలు తీయడానికి వచ్చారు. బాలనర్సయ్య గుడిసె కప్పు లాగుతుంటే చూరులో దోపిన పాత బనీను మూట రాలి, ముడి విడి కింద పడింది. మేస్త్రీ దాన్ని కాలితో పక్కకు తోసి పని చూసుకున్నాడు. కొత్త సబ్బుపెట్టె, గులాబీరంగు ప్లాస్టిక్‌ది, మూత ఊడి ఎర్రమట్టిలో పడి ఉంది. అందులో చందనం సబ్బు, పైన కాగితం విప్పనిది.